ఇరుసు నట్టుకు తీగ
(స్కాలర్‌షిప్పుల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు పొదుపు గురించి మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. అది ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి మోటారు సైకిల్ ఇరుసు నట్టు గురించి చెబుతాను. కారణం ఉంది. మన పిల్లలు కొందరు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు బండ్లు తీసుకుని వెళ్తున్నారు. మా చెల్లెలి మనవడు వారిలో ఒకడు. వాళ్ల అమ్మానాన్నలు నా దగ్గరకు వచ్చి "మీరైనా వద్దని చెప్పండి" అంటారు. నేను చెప్పను. లారీలు, బస్సులు తిరిగే హైవే మీద వేగం చూపించడం కంటే, ఎదురుగా ఏ బండీ రాని చోట, అంబులెన్సు సిద్ధంగా ఉన్న చోట నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. మా చిన్నతనంలో పందేలు షోళవరం పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990లో ఈ ట్రాక్ వచ్చింది, చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. చోటు బాగుంది. అక్కడికి వెళ్లే బండి ఎలా ఉన్నదన్నదే పెద్దలు చూడవలసిన విషయం.

ట్రాక్ మీదికి వదిలే ముందు బండిని పరీక్షిస్తారు. దానిని స్క్రూటినీ అంటారు. బ్యాంకు వాళ్లకు ఆ మాట కొత్త కాదు. పందేలకు వచ్చే బండ్లలో ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు, ఆయిల్ ఫిల్టరుకు, బ్రేకు క్యాలిపర్ బోల్టులకు, ఇరుసు నట్టుకు సన్నని స్టీలు తీగ మెలివేసి కట్టి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు, ఇంత పెద్ద నట్టుకు ఈ దారం లాంటి తీగ ఏం ఆసరా అనిపిస్తుంది.

మన పల్లెల్లో ఎద్దుబండి చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర ఒక ఇనుప చీల దించుతారు. బరువు మోసేది ఇరుసు. చీల బరువు మోయదు, చక్రాన్ని బయటికి పోనివ్వదు, అంతే. తీగ పని కూడా అదే. నట్టును బిగించేది స్పానరు. తీగ దానిని వెనక్కి తిరగనివ్వదు.

బిగించిన నట్టు తనంత తాను ఎందుకు వదులవుతుంది? బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. ఆ సాగిన బోల్టు వెనక్కి లాగే బలమే పట్టు. పక్కపక్కకు అదురు తగిలినప్పుడు మరల మధ్య రాపిడి క్షణంపాటు సడలుతుంది, నట్టు వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అలా వేల సార్లు. గెర్హార్డ్ జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ఈ సంగతి ప్రయోగం చేసి చూపించాడు. బోల్టు పొడవునా వచ్చే అదురు కంటే అడ్డంగా వచ్చే అదురే ఎక్కువ చెరుపు చేస్తుందని తేల్చాడు. మెకానికల్ చదువుతున్న పిల్లలు దీన్ని లైబ్రరీలో వెతికి చదవండి, నాకంటే మీకు బాగా అర్థమవుతుంది.

ఇక కట్టే పద్ధతి. ఎక్కువగా వాడేది 0.8 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ. నట్టు మూలలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు రంధ్రం వేస్తారు. ఇది ఇంట్లో చేతి డ్రిల్లుతో చేసే పని కాదు, బిట్టు జారుతుంది, విరుగుతుంది. లేత్ వర్క్‌షాపులో వేయించుకోండి, లేదా రంధ్రం ఉన్న బోల్టులే కొనండి. ఇరుసు కాడకు కంపెనీ వేసిన రంధ్రం లేకపోతే కొత్తగా వేయవద్దు. ముందుగా బండి మాన్యువల్‌లో రాసిన కొలతకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఆ తరువాతే తీగ. రంధ్రంలో దూర్చి, రెండు కొసలు సమంగా అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు వచ్చేట్టు మెలివేసి, కదలని దేనికైనా కట్టాలి. దిక్కు ముఖ్యం. నట్టు విప్పే వైపు తిరగబోతే తీగ బిగుసుకోవాలి. వ్యతిరేక దిక్కులో కట్టిన తీగ అలంకారమే. ఫోర్కు అడుగున ఇరుసును పట్టి ఉంచే పక్కపక్క బోల్టులను ఒకదానితో ఒకటి కట్టినప్పుడు తీగ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది. అతిగా మెలివేస్తే తీగ అక్కడే తెగుతుంది. కొసను లోపలికి మడవాలి, లేకపోతే టైరు మార్చేవాడి వేలు చీలుతుంది. చక్రం విప్పినప్పుడల్లా పాత తీగ పారేసి కొత్తది కట్టాలి. అక్కడ పొదుపు చేయవద్దు.

ఈ తీగ వల్ల ఇంకొక లాభం ఉంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. బ్యాంకులో నోట్ల కట్టకు కాగితపు పట్టీ చుట్టి, లెక్కపెట్టినవాడు దాని మీద సంతకం పెడతాడు. పట్టీ చుట్టినంత మాత్రాన నోట్లు నూరు కావు. కాని ఎవరో లెక్కపెట్టారని, ఎవరిని అడగాలో అని అది చెబుతుంది. తీగ కూడా అటువంటి సంతకమే. చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే, ఈ నట్టును ఒకరు ఈ మధ్య చూశారని తెలుస్తుంది. అయితే బిగించకుండా తీగ మాత్రం కట్టిన బండి, లెక్కపెట్టకుండా పట్టీ చుట్టిన కట్ట లాంటిది. చూడగానే నమ్ముతాము కాబట్టి అది మరింత ప్రమాదం. అందుకే బిగించినవాడొకడు, సరిచూసినవాడొకడు ఉండాలని మా మనవడి దగ్గర పట్టుబట్టాను. వాడు బిగిస్తాడు, నట్టు మీదా పక్క లోహం మీదా కలిపి పెయింటు గీత గీస్తాడు, వాడి స్నేహితుడు కొలత మళ్లీ చూస్తాడు, తరువాత తీగ. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఒకరి బండి ఒకరు చూసుకుంటున్నారు.

పందేలకు ఏయే బోల్టులకు తీగ తప్పనిసరో నిబంధనల పుస్తకంలో ఉంటుంది. సాధన రోజుల్లో నిర్వాహకులను బట్టి మారుతుంది. వారు అడగకపోయినా కట్టండి. ఒక బండి నుంచి ఆయిల్ కారితే పడేది ఆ బండి నడిపేవాడు ఒక్కడే కాదు, అదే మలుపులోకి వెనక వచ్చేవాడు కూడా పడతాడు. వాడికీ ఇంట్లో తల్లిదండ్రులు ఉంటారు.

తల్లిదండ్రులకు ఒక మాట. హెల్మెట్టు, సూటు ఎంతయిందని అడుగుతున్నారు, మంచిదే. బండి బయలుదేరే ముందు రోజు రాత్రి వెనక చక్రం దగ్గర కూర్చుని "ఈ తీగ ఎటు లాగుతోంది నాయనా, చూపించు" అని కూడా అడగండి. వాడు చేత్తో చూపించి చెప్పగలిగితే పంపండి. చెప్పలేకపోతే ఆ ఆదివారం ఇంట్లోనే ఉండమనండి.

భోజనాల గది పక్కన బల్ల మీద రెండు పాత నట్లు, తీగ, మెలివేసే ప్లయరు పెట్టించాను. ఆడపిల్లలు కూడా రండి, ఎవరైనా కట్టి చూడవచ్చు. కొసలు పదునుగా ఉంటాయి, చిన్నపిల్లలను కాస్త దూరంగా ఉంచండి.