అద్దె పెట్టె, సొంత పెట్టె



పెళ్ళికో, వ్రతానికో గంగాళాలు, కుర్చీలు అద్దెకు తెచ్చుకోవడం మనకు అలవాటే. పని కాగానే లెక్కచూసి తిరిగి ఇచ్చేస్తాం. అద్దె గంగాళాన్ని మూడేళ్ళపాటు ఇంట్లోనే ఉంచుకుని, నెలనెలా డబ్బు కట్టే ఇల్లాలు ఉంటుందా? అమెరికాలో కాపురముంటున్న మన తెలుగువారి ఇళ్ళలో ఇలాంటి గంగాళం ఒకటి తరచు కనబడుతుంది. దాని పేరు కేబుల్ మోడెమ్.

టెలివిజన్ కేబుల్ తీగ మీదనే అక్కడ చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ వస్తుంది. ఆ తీగలో వచ్చే సంకేతాలను మన కంప్యూటరుకు పనికివచ్చేలా మార్చేది మోడెమ్. ఇల్లంతటికీ వైఫై అందించేది రౌటర్. కంపెనీ ఇచ్చే పెట్టెలో సామాన్యంగా ఈ రెండూ కలిసే ఉంటాయి. ఈ తేడా తెలియక మోడెమ్ ఒక్కటే కొంటే వైఫై రాదు సుమండీ!

ముందుగా నెలబిల్లు తీసి చివరిదాకా చదవండి. ఇవి మగవాళ్ళ వ్యవహారాలని పక్కన పెట్టకండి. పోపులడబ్బా చిల్లర లెక్క తెలిసిన మనకు ఈ లెక్క తెలియదా? వీసా నిబంధనల వల్ల ఉద్యోగం చేసే వీలులేక, ఒక్కరి జీతంతో నెట్టుకొస్తున్న సంసారాలలో ప్రతి డాలరూ చూసుకోవలసిందే. బిల్లులో పరికరం అద్దె అని నెలకు 15 డాలర్లు పడుతున్నదనుకోండి. ఏడాదికి 180, మూడేళ్ళకు 540. మంచి మోడెమ్, ఒక మాదిరి రౌటర్ కలిపి 250 డాలర్లకు దొరికితే, పదిహేడు నెలల్లో ఆ డబ్బు తిరిగి వచ్చేసినట్టే. ఆ తర్వాత పెట్టె పనిచేసినంత కాలమూ మిగులే.

అయితే అందరికీ ఈ లెక్క కుదరదు. ఏడాదిలోగా వేరే ఊరికి మారే సూచనలుంటే కొనడానికి తొందర వద్దు. అక్కడ కేబుల్ బదులు ఫైబర్ ఉంటే ఈ మోడెమ్ అక్కరకు రాదు. కొన్నిచోట్ల అసలు అద్దే ఉండదు. స్పెక్ట్రమ్ కంపెనీ మోడెమ్‌కు విడిగా అద్దె వేయదు. కామ్‌కాస్ట్ 2025లో తెచ్చిన కొత్త ప్లాన్లలో పెట్టె ధర కలిసే ఉన్నది. అలాంటి ఇంట్లో సొంతది కొంటే, ఉన్న ఖర్చుకు మరో ఖర్చు తోడవుతుంది. పాత ప్లానులోనే అద్దె కడుతూ ఉన్నవారు మాత్రం, కొనడానికి ముందు ప్లాను మార్చుకుంటే చాలునేమో అడిగి చూడాలి.

కొనాలని నిశ్చయించుకుంటే, అంగడికి వెళ్ళేముందు కంపెనీవారి వెబ్‌సైటులో తాము అంగీకరించే మోడెమ్‌ల పట్టిక చూడండి. మీ ప్లాను వేగానికి ఏ మోడల్ పనికివస్తుందో అందులో ఉంటుంది. పట్టికలో లేని మోడెమ్ ఎంత చవకైనా మనకు వద్దు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వేగాల అంకెలను నేనైతే పట్టించుకోను. అంత వేగానికి మనం డబ్బు కట్టనప్పుడు ఆ అంకెతో పనేముంది?

చూడవలసిన అంకె వేరే ఉన్నది. డాక్సిస్ అని కేబుల్ ఇంటర్నెట్‌కు ఒక ప్రమాణం. 3.0 అనేది 2006లో, 3.1 అనేది 2013లో వచ్చాయి. కొన్నేళ్ళు వాడుకోవాలంటే 3.1 తీసుకోండి. 4.0 కూడా వచ్చింది గాని, మామూలు సంసారానికి ఇప్పుడప్పుడే దాని అవసరం కనబడదు. పాత 3.0 రకాలలో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉన్నవాటిని తీసుకోకండి. సంకేతాలు ఉండి ఉండి ఆలస్యమయ్యే లోపం వాటిలో ఉన్నట్టు 2016లోనే బయటపడింది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు మధ్యలో గొంతు తెగితే ఎంత చిరాకో మీకు తెలియనిది కాదు.

ఇంటి ఫోను కూడా అదే కేబుల్ మీద వస్తుంటే, ఫోను తీగ పెట్టే రంధ్రమున్న మోడెమే కావాలి. మామూలుది తెచ్చి బిగిస్తే ఇంటర్నెట్ వస్తుంది, ఫోను మూగబోతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది మరచిపోరాదు.

ఇతరులు వాడిన మోడెమ్ సగం ధరకు వస్తుందని ఆశపడేవారు, దాని అడుగున చీటీ మీద ఉన్న నంబరు కంపెనీకి చెప్పి విచారించండి. పాత యజమాని ఖాతాలోంచి అది తొలగకపోతే మీ ఇంట్లో పనిచేయదు.

సొంత మోడెమ్ బిగించి, అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాక, అద్దె పెట్టెను అటకమీద పడేయకండి. వైర్లతో సహా అప్పగించి, పెట్టె నంబరు వేసిన రసీదు తీసుకోండి. అది లేకపోతే తిరిగి ఇవ్వలేదంటూ పెట్టె ఖరీదంతా బిల్లులో వేయవచ్చు. రసీదు ఫోటో తీసి దాచండి, కాగితం మీద సిరా కొన్నాళ్ళకు వెలిసిపోతుంది.

తర్వాతి రెండు బిల్లులూ చూడండి. మన సొంత పరికరానికి అద్దె వసూలు చేయకూడదని అమెరికాలో 2019లో టెలివిజన్ వ్యూయర్ ప్రొటెక్షన్ యాక్ట్ అనే చట్టం చేశారు. అద్దె నిషేధం 2020 డిసెంబరు 20 నుంచి అమలులో ఉన్నది. అయినా అద్దె పడితే కంపెనీకి ఫోను చేసి ఈ చట్టం పేరు చెప్పండి. వినకపోతే ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపండి. దానికి రుసుమేమీ లేదు. ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదును కంపెనీకి పంపిన 30 రోజులలోగా వారు జవాబివ్వాలి.