ఉపవాసము – మేధస్సు



చెఱకు పండు బోధన్ సీమలో ఉపవాసమును గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, తీపి మన నాలుకను వీడలేదు. అయినను ఏకాదశినాడు ఒక యింట పొయ్యి వెలుగదు. రంజాను నెలలో ప్రక్కయింట ప్రొద్దు క్రుంకువఱకు మంచినీరైనను ముట్టరు.

మెదడు దేహపు బరువులో యాభైయవ వంతు. విశ్రాంతివేళ దేహము వెచ్చించు శక్తిలో ఐదవ వంతు దానిదే. పట్టా కుంటెడు, నీటివాటా ఎకరమునకు! దాని నిత్యాహారము గ్లూకోజు. కాలేయములోని నిల్వ ఇంచుమించు ఒక దినమునకే చాలును. పిదప క్రొవ్వు కరగి కీటోనులగును. దీర్ఘోపవాసమున మెదడు వానినే ఇంధనముగా గొనునని 1967లో అమెరికాలో జార్జి కాహిల్ బృందము చూపెను. ఉపవాసముచే జ్ఞాపకశక్తి హెచ్చుట ఎలుకలయందు కనబడినది. మనుష్యులయందు ఇంకను స్థిరపడలేదు. కావున ఒక్కపూట మానినంతనే పండితులమగుదుమని భ్రమపడరాదు.

చెఱకు నఱకబోవు కూలి పస్తు ఉపవాసము కాదు; అది లేమి.

ఇన్సులిను పుచ్చుకొను మధుమేహరోగి వైద్యుని అడుగక ఉపవసింపరాదు. రోగికి రోజానుండి ఇస్లాము మినహాయింపు నిచ్చినది. చెమట, వణకు, మాట తడబాటు కనబడినచో వ్రతభంగమునకు జంకక వెంటనే చక్కెరనీరు త్రాగింపుడు. స్పృహ తప్పినవాని నోట మాత్రము ఏమియు పోయక, ఆసుపత్రికి చేర్పుడు.