ఈక చూడకండి, వంశం చూడండి

లాలాపేట్ అనగానే హైదరాబాద్ నగరానికి విజయ డెయిరీ గుర్తొస్తుంది. ఇక్కడ కోడి కోసం ఇంతమంది కూర్చోవడం చూస్తే నా మనసు నిండింది. ఆహ్వాన పత్రంలో మూడు విషయాలు వేశారు: రంగు, చార, తెలుపు. రంగుతో మొదలుపెడతాను.

డేగ, కాకి, నెమలి, పర్ల, సేతు, మైల, పింగళ... ఈకను బట్టి మనవాళ్ళు పెట్టిన పేర్లివి. అంత చూపున్న జాతి మనది. పందెం మాట చట్టానికి వదిలేద్దాం, ఆ చూపును మాత్రం వదలొద్దు.

ఆ మూల గంపలో కూస్తున్నది ఎవరిదండీ? కాస్త పైకెత్తండి. డేగ, మంచి ఎరుపు. దీని తల్లిది ఏ రంగు బాబూ? తెలియదంటున్నారు. తండ్రి వీడియో మాత్రం ఫోన్లో ఉందట. ఇదే నా బాధ. ఒకప్పుడు పుంజును కొనేవాడు ముందు పెట్టను చూపించమనేవాడు. ఇప్పుడు ఫొటోకే బేరం కుదిరిపోతోంది.

తల్లి రంగు ఎందుకు అడగాలో చెబుతాను. ఆండలూసియన్ అనే స్పెయిన్ కోడి ఉంది, నీలి బూడిద రంగు. బూడిద పుంజును బూడిద పెట్టతో కట్టిస్తే సగం పిల్లలే బూడిదవి. పావు వంతు నల్లవి, పావు వంతు మరకల తెల్లవి. పెంపకందార్లు తరతరాలు ఆ రెండింటినీ ఏరి పారేశారు. అయినా మళ్ళీ అవే పుట్టేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేంబ్రిడ్జిలో బేట్సన్, పన్నెట్ అనే శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు: దీనికి ఒక జన్యువు ఉంది, బూడిద రంగుకు అది తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే, ఒక్కపాలే రావాలి. రెండుపాళ్ళు పడితే మరకల తెలుపు, అసలు లేకపోతే నలుపు. కాబట్టి పారేసిన నల్లదాన్ని, పారేసిన తెల్లదాన్ని జతకడితే పిల్లలన్నీ బూడిదే! పుస్తకంలో ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం ఎన్ని మంచి కోళ్ళను రంగు నచ్చలేదని కూరకు పంపి ఉంటామో ఆలోచించండి.

అలాగని రంగు అక్కర్లేదని కాదు. రాజేంద్రనగర్‌లో 1988 నుంచి నడుస్తున్న కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా అనే కోడిని రంగురంగుల ఈకలతో తయారుచేసింది. పల్లె రైతుకు నాటుకోడిలా కనిపించాలి కదా. అంటే అక్కడ రంగును కూడా ఎంపికలో పెట్టుకున్నారు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. చారల గురించి ఒక్క మాట. ప్లిమత్ రాక్ లాంటి చారల పెట్ట తన చారను కొడుకులకే ఇస్తుంది. కూతుళ్ళకు అది తండ్రి నుంచి రావలసిందే. ఇక తెలుపు. అందులో రెండు రకాలున్నాయి. లెగ్‌హార్న్ కోడి తెలుపు ఒక్కపాలుతోనే నలుపును కప్పేస్తుంది. ఇంకో తెలుపు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పైకి కనబడుతుంది. మిగతాది ఇంకో సభలో.

ఇంటికి వెళ్ళాక మీ పెట్టల కాళ్ళకు నంబరు రింగులు వేయండి. ఏ గుడ్డు ఏ పెట్టదో, ఏ పిల్లకు ఏ ఈక వచ్చిందో నోటుబుక్కులో రాయండి. వచ్చే సభకు ఆ పుస్తకాలు పట్టుకురండి.