పొద్దు గుంకక ముందే

 

ఇక్కడ కువైట్‌లో జీతం ఆగిపోయినవాళ్లు, సెలవు దొరకనివాళ్లు ప్రార్థన కోసం మన దగ్గరికి వస్తే మనం ఏం చెబుతున్నాం? "ఓర్చుకో, దేవుడు చూసుకుంటాడు" అంటున్నాం. ఓర్పు మంచిదే. కానీ ఫిర్యాదు చేస్తే విశ్వాసం లేనట్టేనా? యజమానులకు లోబడమని పౌలు రాశాడు గదా అంటారు కొందరు. కొలస్సయుల పత్రికలో ఆ పౌలే యజమానులకు కూడా రాశాడు: పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడు, పనివాళ్లకు న్యాయమైనది ఇవ్వండి అని. మనం మొదటి మాట చెప్పి రెండోది వదిలేస్తున్నాం.

నిర్గమకాండము అయిదో అధ్యాయం చూడండి. మోషే, అహరోను ఫరో దగ్గరికి వెళ్లి మొదట అడిగింది ఏమిటి? అరణ్యంలో దేవుణ్ణి ఆరాధించుకోవడానికి జనాన్ని పంపమని. మన మాటల్లో చెప్పాలంటే, సెలవు. ఫరో వాళ్లను సోమరులన్నాడు. ఇటుకల లెక్క తగ్గించకుండా గడ్డి ఇవ్వడం ఆపించాడు. సెలవు అడిగినవాళ్లను సోమరులనడం అంత పాత అలవాటు! ఆ వెట్టిలోంచి బయటపడ్డ జనానికి ఇచ్చిన పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఒకటి. అది యజమానికి ఒక్కడికే కాదు. దాసుడికి, దాసికి, పరదేశికి కూడా.

ఇప్పుడు ఈ హాలు చూడండి. శుక్రవారం అయినా మగవాళ్లమే ఎక్కువ. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా వీసా మీద వచ్చిన అక్కచెల్లెళ్లు ఎంతోమంది ఈ గంటకు కూడా వంటింట్లోనే ఉన్నారు. 2015లో కువైట్ చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు వారానికి ఒక సెలవు ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఉంది. పాస్‌పోర్టు కఫీల్ పెట్టుకోకూడదు. కాగితం మీద ఉన్నది ఇంట్లో జరగనప్పుడు అడగడం తప్పు కాదు.

జీతం సంగతికి వద్దాం. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో కూలివాడి కూలి ఆ రోజే, పొద్దు గుంకక ముందే ఇవ్వాలని ఉంది. వాడు సొంతవాడైనా పరదేశి అయినా ఒకటే. ఎందుకు? వాడు బీదవాడు, ఆ డబ్బు మీదే ప్రాణం పెట్టుకున్నాడు. యాకోబు పత్రికలోనైతే, బిగబట్టిన ఆ కూలే దేవునికి మొర పెడుతోంది. 1891లో పదమూడవ లియో పోపు 'రేరుమ్ నోవారుమ్' లేఖలో, కూలి ఎగ్గొట్టడం మహాపాపమని చెబుతూ ఈ యాకోబు మాటనే ఆధారం చేసుకున్నాడు. కూలి డబ్బే మొరపెడుతుంటే కూలివాణ్ణి నోరు మూసుకోమనడానికి మనమెవరం?

అయితే ఈ వాక్యం కఫీల్‌కి ఒక్కడికే కాదు, మనకీ తగులుతుంది. యిర్మీయా 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజు పెద్ద మేడ కట్టాడు. వెడల్పాటి కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు. పనివాళ్లకు మాత్రం కూలి ఇవ్వలేదు. దినార్లు పంపి మనమూ ఊళ్లో ఇళ్లు కడుతున్నాం. మేస్త్రీకి, ఇటుకలు మోసిన ఆడకూలీలకు లెక్క తేల్చామా? మన పొలంలో నాట్లు వేసినవాళ్లను "పైకం వచ్చాక చూద్దాం" అని తిప్పుతున్నామా? అదే అధ్యాయంలో, రాజు తండ్రి యోషీయా దీనుల పక్షాన న్యాయం చేశాడనీ, దేవుణ్ణి ఎరగడం అంటే అదేననీ ప్రవక్త చెబుతాడు. పాటలు, ఉపవాసాలు కాదు, న్యాయం.

కాబట్టి మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అగ్రిమెంటు, సివిల్ ఐడీ, పాస్‌పోర్టు ఫోటోలు ఫోన్లో ఉంచుకుని, ఇంటికీ పంపుదాం. జీతం ఏ నెల ముట్టిందో, ఏ నెల ముట్టలేదో రాసుకుందాం. జీతం రాలేదని చెప్పకుండా ఇల్లు వదిలేస్తే కఫీల్ పరారీ కేసు పెట్టే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా మ్యాన్‌పవర్ అథారిటీకో, మన ఎంబసీకో ఫిర్యాదు చేయాలి. కొడుతుంటే, ప్రాణానికి ముప్పుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే బయటపడి ఎంబసీకి చేరాలి. బయటికి రాలేని అక్కల కోసం మనమే ఫోన్ చేయాలి, అరబ్బీ తెలిసినవాళ్లు తోడు వెళ్లాలి.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. ప్రార్థన చేసి లేచాక, ఆ అక్క ఫిర్యాదు కాగితం మనమే రాసి పెడదాం.