ఎడమచేతి వాటం రైతుకు తగిన తుపాకి



టైడా కొండవాలులో చోడి చేలకు రాత్రి కావలి కాయు మీలో ఎడమచేతి వాటంవారు, పొట్టివారు కొందరుందురు. పంట రక్షణకు 1959 ఆయుధాల చట్టం పేర్కొన్నది మూతినుండి మందు కూరు తుపాకి. సాధారణంగా దాని టోపీ కుడిప్రక్కన పేలును. ఎడమ భుజాన ఆనించినచో మీ చెంప ఆ ప్రక్కనే ఉండును. తునకలు కంటికి తగిలినచో చూపే పోవచ్చును.

ఇంటి రక్షణకు లైసెన్సు దొరికినచో, మధ్యకు విరిచి తోటాలు పెట్టు జోడు గొట్టాల తుపాకి మేలు. కాల్చినప్పుడు ఖాళీ తోటా ముఖం మీదికి ఎగరదు. చిన్న ఒళ్ళువారికి 12 బోరుకన్న 20 బోరు తేలిక, తన్ను తక్కువ. కొనకముందు భుజాన పెట్టి చూడవలెను. మెడ చాచకుండ మీట అందవలెను. అందనిచో లైసెన్సుగల మరమ్మతుదారుచే వెనుక కొయ్య కోయించవచ్చును. గొట్టం మాత్రం కోయరాదు, అది నేరము.

అడవిపందిని కొట్టుటకు తుపాకి లైసెన్సు చాలదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి వేరుగా పొందవలెను.