నేల పొరలకు రంగులద్దిన పటం

భూమి లోపలి పొరలను ఒక దేశమంతటికీ పటంగా గీయవచ్చునని ఇంగ్లండులో చేసి చూపినవాడు విలియం స్మిత్ అనే కమ్మరి కొడుకు. సోమర్సెట్‌లో బొగ్గు రవాణా కాలువకు సర్వేయరుగా పనిచేసిన ఆయన, ఒక్కొక్క రాతిపొరలో ఒక్కొక్క రకం శిలాజాలు, అనగా రాయిగా మారిన పూర్వజీవుల అవశేషాలు, ఉండడమూ, ఊరు మారినా ఆ వరుస మారకపోవడమూ గమనించాడు. శిలాజాన్ని బట్టి పొర, పొరలను బట్టి పటం: ఇదే ఆయన పద్ధతి.

1815లో వెలువడిన ఆ పటం నిలువెత్తు మనిషిని మించినది. రంగులన్నీ చేతితో వేసినవే. ప్రతి పొర అడుగు అంచున రంగు చిక్కగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది కనుక, ఏ పొర దేని మీద ఉన్నదో చూపు పడగానే తెలుస్తుంది. ఇంత తేటయిన ఉపాయం శాస్త్రపటాలలో అరుదు.

అంతటివాడు 1819లో అప్పుల వల్ల జైలు పాలయ్యాడు. లండన్‌లోని జియలాజికల్ సొసైటీ 1831లో తన తొలి వొలాస్టన్ పతకాన్ని ఆయనకే ఇచ్చింది. చాలాకాలం కనబడకుండా పోయి ఆ సొసైటీ భాండాగారంలోనే తిరిగి దొరికిన పటం తొలి ప్రతి ఒకటి, ద్విశతాబ్ది సంవత్సరమైన 2015లో ప్రజల ముందుకు వచ్చింది.