సొంత సంతకం, సొంత పూచీ
(మదనపల్లె సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ట్రెజరీలో పనిచేసినవాణ్ణి. కొత్త పెన్షనరు తొలిసారి వచ్చినప్పుడు ఆయన చేతిలోని పి.పి.ఓ. ప్రతినీ, ఆఫీసు ప్రతినీ పక్కపక్కన పెట్టి ఫొటో, పుట్టుమచ్చలు, సంతకం సరిచూసేవాళ్లం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మన సంఘం గదిలోని కంప్యూటరులో సభ్యుల వివరాలు పెట్టాం. గదిలోని వైఫైకి కలిపిన ఫోన్లలోనే అవి కనిపిస్తాయి. పి.పి.ఓ. నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి గనుక, దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే ఏర్పాటు చేశాను. దానికి సర్టిఫికెట్టు కావాలి. బ్యాంకుల వెబ్‌సైట్లకు అందరూ నమ్మే సంస్థలు ఇస్తాయి. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగానే ఇస్తోంది. కానీ మన కంప్యూటరుకు సొంత పేరు లేదు. 192.168తో మొదలయ్యే నంబరొక్కటే ఉంది. అలాంటి నంబర్లు లక్షల ఇళ్లలో ఉంటాయి. వాటికి ఆ సంస్థలు పూచీపడవు. అందుకని సర్టిఫికెట్టు నేనే తయారుచేశాను. దీన్ని సెల్ఫ్ సైన్డ్ అంటారు. మన సెల్ఫ్ అటెస్టేషన్ వంటిదే.

ఫోన్లలో ‘సురక్షితం కాదు’ అని హెచ్చరిక వచ్చింది. “ఏం ఫరవాలేదు, ముందుకు నొక్కండి” అని అందరికీ చెప్పాను. తప్పు అక్కడే జరిగింది.

కుప్పంలో ఉండే నా పాత సహోద్యోగికి, లైఫ్ సర్టిఫికెట్టు గడువు ముగిసిందంటూ ఫోనులో ఒక లింకు వచ్చింది. తెరిస్తే అదే హెచ్చరిక. ముందుకు నొక్కి ఖాతా నంబరు నింపాడు. ఓ.టి.పి. అడిగేసరికి మనవరాలు చూసి ఫోను లాక్కుంది. డబ్బు పోలేదు. “నువ్వు చెప్పబట్టే నొక్కినానప్పా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ హెచ్చరిక అబద్ధం కాదు. అవతల ఉన్నదెవరో తనకు తెలియదని ఫోను చెబుతోంది. చూడకుండా నొక్కడమంటే, పి.పి.ఓ. సరిచూడకుండా పెన్షన్ చెల్లించడమే.

ప్రతి సర్టిఫికెట్టుకూ 64 అంకెలు, అక్షరాలు కలిసిన ఒక ‘వేలిముద్ర’ ఉంటుంది. మనది కాగితం మీద రాసి తెచ్చాను. భోజనాలయ్యాక ఒక్కొక్కరి ఫోనులో కనిపించేదాన్ని దీనితో సరిచూద్దాం. సరిపోతేనే ఫోనులో నమోదు చేస్తాం. సర్టిఫికెట్టు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇలాగే చేద్దాం. దాని రహస్య తాళంచెవి ఆ కంప్యూటరు దాటి బయటికి పోకుండా చూసే బాధ్యత నాది.

ఇకమీదట హెచ్చరిక ఎక్కడ కనిపించినా, మన గదిలోనైనా సరే, ఆగిపోండి. అది రానంతమాత్రాన అవతలివాడు మంచివాడని కాదు, మోసగాడికీ సర్టిఫికెట్టు దొరుకుతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

నా మాట నమ్మి నొక్కినవారందరికీ క్షమాపణ చెప్పుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.